చివరి చరణం, చల్లారిన ఇడ్లీలు

నాకు అక్షరాలు నేర్పింది మా నాయన. చిత్తూరు దగ్గర మా పల్లెలో, పొయ్యి బూడిద అరుగు మీద పరిచి వేలితో దిద్దించాడు. పాటలు నేర్పింది మాత్రం రేడియో. బడి గడప తొక్కని దానికి ఇద్దరు గురువులు ఇంట్లోనే దొరికారంటే అది స్వామి దయ కాక మరేమిటి? అందుకే తిరుపతికి కాపురానికి వచ్చిన రోజున, వంటింటి గూట్లో దేవుడి పటం పక్కనే రేడియో కనిపించేసరికి, ఈ ఇంట్లో నాకు బాగానే జరుగుతుందని ధైర్యం కలిగింది.

ఆ రేడియో మా అత్తది. పొద్దున్నే స్నానం చేసి, ముఖాన పసుపు రాసుకుని, దానికి ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. భక్తిపాటల్లో చివరి పాట పూర్తయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ నోట పెట్టేది కాదు. ఆమె పుట్టింటి ఊళ్లో భజనగుడిలో మంగళం పాడిన తర్వాతే గుగ్గిళ్లు పంచేవారట. పాట ముగియకుండా చెయ్యి చాపిన పిల్లల్ని పూజారి పక్కకు నెట్టేవాడట. ఆ పూజారి పోయి ఎన్నేళ్లయిందో కానీ, మా అత్త మాత్రం ఆయనకు భయపడుతూనే ఉంది.

చివరి పాటంటే ఏదో ఒకటి కాదు. తిరుపతి రేడియో కేంద్రం ఏళ్ల తరబడి భక్తిపాటలను ఒకే పాటతో ముగించేది. దాన్ని పాడింది మా మామ స్నేహితుడు, బట్టలు కుట్టే ఆయన. సన్నాయి వాయించింది మా మామ. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, రేడియో కేంద్రానికి వెళ్లి పాడి వచ్చారు. మూడు చరణాలు. మూడో చరణంలో స్వామి పేరు వస్తుంది. ఆ తర్వాత పాట ఆగి, మామ సన్నాయి ఒక్కటే పైకి వెళ్లి, అక్కడ కాసేపు తిరిగి, మెట్లు దిగినట్టు నెమ్మదిగా దిగివస్తుంది. అక్కడికి పాట అయిపోయినట్టు.

ఆ సన్నాయి వినిపిస్తున్నంతసేపూ మామ విననట్టే పేపరు చదివేవాడు. పేజీ మాత్రం తిప్పేవాడు కాదు. అత్త ఓరకంట ఆయన్ని చూసి, సన్నాయి దిగగానే నాతో, “ఇడ్లీ పెట్టమ్మీ” అనేది. నేను వచ్చేనాటికే మామకు ముందు పళ్లు ఊడిపోయాయి. పళ్లు లేనిదే, నోట పెట్టి ఊదే పీకకు పెదవి పట్టు దొరకదని, సన్నాయిని గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేశాడు. పాడిన స్నేహితుడు అప్పటికే స్వామిలో కలిశాడు.

ఇలా ఉండగా అత్తకు చక్కెర జబ్బు వచ్చింది. మాత్ర వేసుకున్నాక అరగంటలోపల తినాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. భక్తిపాటలు మొదలవగానే మాత్ర వేసుకుంటే, పాట ముగిసేసరికి ఇడ్లీ వేళ అయ్యేది. డాక్టరు మా రేడియో విని చీటీ రాశాడేమో అనుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున రెండో చరణం ముగిసింది. మూడోది ఎత్తుకోవలసిన చోట, కొళాయి కట్టేస్తున్నట్టు పాట సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. ఒక అమ్మాయి నవ్వుతూ శ్రోతలకు శుభోదయం చెప్పింది. ఆ వెంటనే, స్వామి పేరు రావలసిన చోట, బోరు మోటార్ల ప్రకటన వచ్చింది.

కరెంటు పోయిందనుకున్నాను. కరెంటు ఉంది. నేను ఇడ్లీలు పెట్టి, “తిను అత్తా, అయిపోయింది” అన్నాను.

“యాడ అయిపోయింది? సామి పేరు రాలేదే.”

“రేడియోలో ఆపేసినారు అత్తా.”

“అయితే నన్ను బోరు మోటారుకు మొక్కి తినమంటావా?”

సరే, నాకు వచ్చిన పాటే కదా అని మూడో చరణం నేనే పాడాను. అత్త ఓపిగ్గా విని, పళ్లెం నా వైపే జరిపింది.

“బాగనే పాడినావు. కానీ గంప ఎత్తుకున్నోళ్లే దించాలమ్మీ. నీ నెత్తిన లేని గంప నువ్వెట్ల దించుతావు?”

ఇంతలో అత్త చెయ్యి వణకడం మొదలైంది. నుదుటి మీద చెమట పట్టింది. మాత్ర లోపలికి పోయింది, తిండి పోలేదు. ఏ చక్కెరైతే ఆమెకు కూడదని డబ్బా పై అటక మీద దాచానో, ఆ చక్కెరే తెచ్చి పిడికెడు నోట్లో పోశాను. అది తిండి కాదు, మందు అని చెప్పాను కాబట్టి మింగింది. కాస్త తేరుకున్నాక, “మందు బాగుండాది” అంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. “పాట అయినాకే మాత్ర వేసుకో అత్తా” అన్నాను. “పాట అయితే గదా” అంది. పక్కింటి ఆటో ఆయన సంగతి తెలిసి, “పాట కురచ చేస్తే మంచిదే గదక్కా, నాకు బాడుగ బిరీన దొరకతాది” అన్నాడు. ఆ పాట వింటూ కాఫీ తాగడం ఆయనకు అలవాటు. ఇప్పుడు సగం కాఫీకే లేచిపోవలసి వస్తోందని ఆయన భార్య నాతో చెప్పింది.

ఇక మామే లేచాడు. పేపరు మడిచి, పట్టుపంచె కట్టుకుని, “పా అమ్మీ” అన్నాడు. ఆటో ఆయనే మమ్మల్ని రేడియో కేంద్రానికి తీసుకెళ్లాడు.

అక్కడి అధికారి మంచి మనిషి. మామను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

“పెద్దాయనా, పాటలో తప్పేం లేదు. మాకే టైము చాలడం లేదు. ప్రకటనలు వస్తా ఉండాయి. ఫోన్ల ప్రోగ్రాం ఒకటి పెట్టినాము. అందుకే ఏ పాటైనా రెండు చరణాలే.”

“అన్నిట్నీ కోస్తా ఉండారా?”

“అన్నిట్నీ.”

“సినిమా పాటలు గూడానా?”

“అవి గూడా.”

మామ ముఖం కొంచెం విప్పారింది. టీ ఒక గుక్క తాగాడు. మళ్లీ ముడుచుకుంది.

“అయినా సార్, పెండ్లిలో మేళం గట్టిగా వాయించేది తాళి కట్టేటప్పుడు. మీరు తాళి ముందరే మేళగాళ్లను అన్నానికి పంపించేసినారు.”

అధికారి నవ్వాపుకోలేకపోయాడు. మామకు ఆశ పుట్టింది.

“పోనీ, కోసేది మొదట్లో కోసుకోండి. మా వాడు ఆడ శానా సేపు రాగం తీస్తాడు. ఆఖరున నాది ఉంచండి.”

అన్నాక ఏం తోచిందో, గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“వద్దులే సార్. వాడు పోయినాడు. వాడిదని మిగిలింది ఆ గొంతొకటే. దాన్నట్లే ఉండనీండి.”

అధికారి గ్లాసును మళ్లీ మామ వైపు జరిపాడు. ఇంటి దగ్గర ఒకామె ఆ పాట కోసం తిండి మానుకుని కూర్చుందని అప్పుడు నేను చెప్పాను. ఆయన నమ్మలేనట్టు చూశాడు. రేడియోలో తన మాటలు కూడా కోతకు పోతుంటాయనీ, తన భార్య వాటి కోసం టిఫినేమీ మానుకోలేదనీ అన్నాడు. బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం పూర్తిగా వేయిస్తానని మాట ఇచ్చాడు. బ్రహ్మోత్సవాలకు ఇంకా ఎన్నో నెలలున్నాయి. అన్ని నెలలు అత్తను పిడికెడు చక్కెరతో నెట్టుకురావడం ఎలాగా అని దారి పొడుగునా స్వామిని అడుగుతూనే వచ్చాను.

మర్నాడు పొద్దున పాట సన్నబడుతుండగానే మామ స్టూలెక్కి బీరువా మీది సన్నాయి దించాడు. దానితో పాటు దిగిన దుమ్ముకు ముగ్గురమూ తుమ్మాము. పీకను నీళ్లలో తడిపి, అత్త ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“ఏమే, గంప ఎత్తుకున్నోళ్లలో నేనూ ఉండానా లేదా?”

అత్త కాస్త ఆలోచించి, “ఉండావు” అంది.

“అయితే దించేదానికి నాకు హక్కుండాది. అమ్మీ, మాటలు నువ్వు పాడు.”

నేను మూడో చరణం పాడాను. స్వామి పేరు దగ్గర నేను తొందరపడితే, మామ చేత్తో ఆగమన్నాడు. నాకు మూడో గురువు దొరికిన రోజది. తర్వాత ఆయన సన్నాయి ఎత్తాడు. పళ్లు లేని సందుల్లోంచి గాలి జారిపోయింది. సన్నాయి మెట్లెక్కబోయి మొదటి మెట్టు మీదే కూలబడి, దూడలా అరిచింది. గోడ అవతలి నుంచి ఆటో ఆయన, “మామా, దూడేమన్నా తప్పిపోయిందా?” అని కేకేశాడు. మామ ఆపలేదు. పడుతూ లేస్తూ పైదాకా వెళ్లి, అక్కడ ఆయాసం తీర్చుకుని, ఒక్కో మెట్టే దిగాడు.

అత్త కళ్లు మూసుకుని చేతులు జోడించుకునే ఉంది. చివరి మెట్టు కూడా దిగాక, “గోవిందా” అని కళ్లు తెరిచింది.

“ఇడ్లీ పెట్టమ్మీ.”

ఆనాటి నుంచి మా ఇంట్లో అదే నియమం. రేడియో ఎత్తుకునేది, మేము దించేవాళ్లం. అత్త వేళకు తినేది. ఆటో ఆయన మళ్లీ కాఫీ పూర్తిగా తాగసాగాడు, కాకపోతే చెవిలో దూది పెట్టుకుని.

బ్రహ్మోత్సవాల్లో ఒకరోజు పొద్దున, నేను గొంతు సవరించుకుని, మామ పీక తడుపుకుని సిద్ధంగా ఉన్నాము. పాట సన్నబడలేదు. మూడో చరణం వచ్చింది. స్వామి పేరు వచ్చింది. ఆ తర్వాత, పళ్లన్నీ ఉన్న మా మామ సన్నాయి ఒక్క జారు లేకుండా పైకి వెళ్లి తిరిగి దిగింది. మామ పేపరు కూడా లేకుండా, నేల చూస్తూ విన్నాడు. అధికారి మాట నిలబెట్టుకున్నందుకు మనసులోనే దండం పెట్టుకుని, నేను ఇడ్లీలు వడ్డించాను.

అత్త పళ్లెం ముట్టలేదు.

“తిను అత్తా. ఈ దినం పూర్తిగా వేసినారు గదా.”

“వేసినారు. అది రేడియోలో ఆయప్పది. ఈ ఇంట్లో ఆయప్పది ఇంకా కాలేదు” అని గడ్డంతో మామను చూపించింది.

“ఇడ్లీ సల్లారిపోతాదే” అన్నాడు మామ.

“సల్లారనీ.”

మామ సన్నాయి ఎత్తి, నా వైపు చూసి తల ఊపాడు. నేను మూడో చరణం అందుకున్నాను.