మత్సుమోతో కోదండరామ్

కోదండరామ్ గారికి ఉన్నది ఒక్కటే జబ్బు: జపాన్‌లోని మత్సుమోతో కోట. భార్య దమయంతి గారితో వెళ్లి ఒకే ఒక్క పూట చూసొచ్చారు. ఆ పూట పన్నెండేళ్లు సాగింది.

కెనడాలోని ఓక్‌విల్‌లో తెలిసిన కుర్రాడు మహీధర్ గృహప్రవేశానికి వెళ్తే, వ్రతం పీటల దగ్గరే మొదలు.

"ఏమయ్యా, నీ ఇల్లు బయటికి రెండంతస్తులు. లోపల?"

"బేస్‌మెంట్‌తో మూడు అంకుల్."

"మత్సుమోతో కూడా అంతే! బయటికి ఐదు, లోపల ఆరు. మూడోదానికి కిటికీలే లేవు. అక్కడ సైన్యం దాక్కుంటే శత్రువుకి తెలీదు."

"మా సైన్యం ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్సూ, వాషింగ్ మెషీనూ అంకుల్."

కూతురు వర్షిణి పాత సోఫా పారేద్దామంటే, దాని మీద బైఠాయించారు. "ఆ కోటనీ ఇలాగే వేలం వేసి పడగొట్టబోయారమ్మా. ఊరివాళ్లు కాపాడుకున్నారు కాబట్టి ఇవాళ లోకమంతా టికెట్ కొనుక్కుని చూస్తోంది."

"డాడ్, ఇట్స్ ఎ సోఫా!"

సోఫా ఉండిపోయింది.

"ఆ మెట్లున్నాయే, నిచ్చెనలే అనుకోండి..." అని ఆయన అనగానే దమయంతి గారు అందుకునేవారు. "మోకాళ్ల నొప్పులతో నన్ను బెంచీ మీద పడేసి ఎక్కొచ్చారుగా మహారాజు!"

ఆ ఒక్క మాటకి మాత్రం ఆయన నవ్వేసి కాఫీ కప్పు అందుకునేవారు.

మార్చిలో ఆయన పోయారు. కోట మాటెత్తేవాళ్లు లేని ఇంట్లో ఆవిడకు ఆ నవ్వు ముల్లులా మిగిలింది. పైకెక్కిన ఆ గంటలో ఒక్కసారైనా నేను గుర్తొచ్చానా?

మేలో వర్షిణి ఆయన పాత కెమెరాకి చార్జింగ్ పెట్టింది. "అమ్మా, కోట ఫొటోలు!"

ఒక్కదాంట్లోనూ కోట లేదు. బాణాలు వేసే సందుల్లోంచి, కిటికీల్లోంచి, కింద తోటలో బెంచీ మీద దమయంతి గారు. అంతస్తు పెరిగేకొద్దీ చిన్నగా. ఆఖరి రెండింట్లో చేతిలో ఐస్‌క్రీమ్ కోన్.

"అమ్మా! ఆ ఇయర్ నీ షుగర్ త్రీ హండ్రెడ్! నేను స్వీట్స్ బ్యాన్ చేశాను!"

ఆవిడకు అప్పుడర్థమైంది. ఈ ఫొటోలు చూపిస్తే ఆయన మీద నింద పోయేది, ఆవిడ దొరికిపోయేవారు. అందుకే పన్నెండేళ్లూ ఆ నవ్వు.

వర్షిణి లెక్కపెట్టింది. "ఆరంతస్తులన్నారుగా? ఫొటోలు ఐదే ఉన్నాయి. మూడోది మిస్సింగ్."

దమయంతి గారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. గొంతు సవరించుకుని, అచ్చం ఆయనలాగే వేలెత్తారు.

"మూడోదానికి కిటికీలే లేవమ్మా. ఎందుకో తెలుసా?"

వర్షిణికి తెలుసు. అయినా పాత సోఫాలో కాళ్లు ముడుచుకుని సర్దుకు కూర్చుంది. ఇక గంట దాకా లేచే పని లేదు.