బాగుంది అంటే గిన్నెలు కడగాలి

మా మెట్ల వరసలో నాలుగిళ్ళు. నాలుగిళ్ళ వాళ్ళం నెలకొక ఆదివారం కింది వాటాలో టీచర్‌గారి పెద్ద బల్ల దగ్గర కలిసి భోంచేసేవాళ్ళం. ఆ బల్ల దగ్గర ఒక మాట నిషేధం. ఎవరూ "బాగుంది" అనకూడదు. అన్నవాళ్ళు ఆ పూట గిన్నెలన్నీ కడగాలి. ఈ నియమం పెట్టింది మా ఆవిడ.

"బాగుంది అన్నాక ఇంక మాటేముంటుంది? తలుపు మొహాన వేసినట్టే" అనేది. "ఏం తక్కువైందో చెప్తే మళ్ళీ వండుకోవచ్చు."

నెలకొక వంటల పుస్తకం. పాత పుస్తకాల దుకాణంలో టీచర్‌గారు ఏరి తెచ్చేవారు. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరయ్యారు. తెచ్చేది ఒక్క కాపీయే. మెట్ల కింద ఉత్తరాల డబ్బాల మీద ఉండేది. ఎవరికి కావలసిన వంట పక్కన వాళ్ళు పెన్సిలుతో టిక్కు పెట్టుకుని, విధానం కాగితం మీద ఎక్కించుకుని, పుస్తకం మళ్ళీ అక్కడే పెట్టాలి. మొదటిసారి వండేటప్పుడు పుస్తకం ఎలా చెబితే అలాగే చెయ్యాలి, సొంత తెలివి పనికిరాదు. ఇది టీచర్‌గారు పెట్టిన నియమం. మా ఎదురింటి బస్సు డ్రైవరుకి ఇది గొప్ప ఇబ్బంది. "బంగారు రంగు వచ్చేదాకా వేయించమన్నాడు. ఏ దుకాణం బంగారమో చెప్పడేం?" అని మెట్ల మీదే పోట్లాడేవాడు. భార్య సొంతూళ్ళో ఉండేది, అందుకే ఆ ఇంట్లో వంట ఆయనదే. మా ఆవిడ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నేను ఆయనకి బావనయ్యాను. పై వాటాలో ఒక నర్సు ఉండేది, చిన్నపిల్ల. గుడ్డు ఉడకబెట్టడం కూడా మా మెట్ల మీదే నేర్చుకుంది.

మా ఆవిడ వీధి చివర లాండ్రీలో ఇస్త్రీ చేసేది. ముందు కాలరు, తర్వాత చేతులు, వీపు, చివరికి గుండీల వైపు. ఇంట్లో నా చొక్కాకైనా ఆ వరస తప్పేది కాదు. పెట్టె వేడెక్కువైతే గుడ్డ పసుపెక్కకముందే ఆమె ముక్కుకి తెలిసిపోయేది. ఇంట్లోనూ అంతే. మెట్లెక్కుతూ ఎవరి పొయ్యి మీద ఏం జరుగుతోందో చెప్పేది. "నర్సమ్మా, నీ పాలు!" అని కింద నుంచి కేకేస్తే, పై వాటాలో కాళ్ళ చప్పుడు వినిపించేది. బల్ల దగ్గర మొదటి చెంచా ఆమెదే, మొదటి తప్పూ ఆమే పట్టేది. "అన్నయ్యా, ఈ జాజికాయ ఎప్పటిది? మీ పెళ్ళినాటిదా?" అని ఆమె అడిగితే ఆయన నిజంగానే లెక్కపెట్టుకునేవాడు.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. "కామా పోతే కనిపెడతారు, కూరలో ఉప్పు పోతే కనిపెట్టలేరు. మీ కళ్ళకున్న చదువు నాలుక్కి లేదు" అనేది నన్ను. నాకు పెట్టింది తినడం తప్ప మరోటి తెలియదు. అందుకే గిన్నెలు ఎక్కువసార్లు కడిగింది నేనే.

ఒక చలికాలం ఆమెకి జ్వరమొచ్చింది. వారంలో తగ్గింది గానీ, పోతూ పోతూ ముక్కుని వెంట తీసుకుపోయింది. మొదట జలుబనుకున్నాం. తర్వాత ఒకరోజు లాండ్రీలో ఆమె చేతి కిందే తెల్ల చొక్కా వీపు కాలింది. ముందు గదిలోంచి యజమాని పరుగెత్తుకొచ్చేదాకా ఆమెకి తెలియలేదు. పెట్టె ఎత్తి చూస్తే గోధుమరంగు అచ్చు. "నా చేతి కిందండీ. నా ముక్కు కింద" అంది ఇంటికొచ్చి.

డాక్టరు పరీక్ష చేసి, నరం దెబ్బతిందన్నాడు. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఉప్పూ పులుపూ తీపీ చేదూ నాలుకకి తెలుస్తాయి, మిగతా రుచంతా ముక్కు చేసే పనేనని చెప్పాడు. ఆమె తిండి ఆపలేదు. ఎలా ఉందని అడిగితే, "తడిపిన అట్టముక్క. ఉప్పేస్తే ఉప్పు అట్ట, చక్కెరేస్తే చక్కెర అట్ట" అనేది.

లాండ్రీ యజమాని మంచివాడు. ఆమెని ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి తప్పించి ముందు గదిలో రసీదులు రాసే కుర్చీలో కూర్చోబెట్టాడు. జీతం తగ్గించలేదు. ఇన్నేళ్ళు నిలబడ్డావు, ఇక కూర్చోమన్నాడు. ఆమె ఆ కుర్చీని ఎంత అసహ్యించుకుందో నాకు తెలుసు. సాయంత్రం వచ్చి తన చీరలే మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేసుకునేది, నన్ను పక్కన నిలబెట్టుకుని.

"బల్ల దగ్గర ఎవరికీ చెప్పకండి" అంది.

"చెప్తే ఏమవుతుందోయ్? మనవాళ్ళేగా."

"మనవాళ్ళు కాబట్టే. పాపం అంటారు. తప్పు చెప్పడం మానేస్తారు. మెల్లిగా నా చేతిలో గరిటె లాక్కుని అక్కడ కూడా నాకో కుర్చీ వేస్తారు. లాండ్రీలో పని పోయినా బల్ల మిగిలింది. అది కూడా పోతే నేనేం చెయ్యాలి?"

నేను చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె బల్ల దగ్గర మొదట మాట్లాడటం మానేసింది. రెండోదో మూడోదో అయ్యేది. టీచర్‌గారు వెల్లుల్లి పచ్చిగా ఉందంటే, "అవును, ఇంకాస్త వేగాలి" అనేది. నర్సు వెన్న ఎక్కువైందంటే, "అదే, నోట్లో అంటుకుంటోంది" అనేది. వంట మాత్రం మానలేదు. పుస్తకంలో ఎన్ని నిమిషాలంటే అన్ని నిమిషాలు గడియారం వైపు చూస్తూ, ఉల్లిపాయ రంగు మారడం కళ్ళతో, నూనె చిటపట చెవులతో కనిపెడుతూ వండేది. చాలావరకు కుదిరేది.

కానీ ఆ బల్ల టీచర్‌గారిది. ఒక నెల డ్రైవరు వంకాయలూ టమాటాలూ పొరలు పొరలుగా పేర్చి ఓవెన్‌లో పెట్టి తెచ్చాడు. టీచర్‌గారు ఒక ముక్క నోట్లో వేసుకుని, నింపాదిగా నమిలి, "దాల్చినచెక్క కాస్త ఎక్కువైనట్టుంది" అన్నారు.

"నేనూ అదే అనుకున్నా టీచర్‌గారూ. సగం వేస్తే చాలు" అంది మా ఆవిడ.

డ్రైవరు నోరు తెరిచాడు. "దాల్చిన..."

"బ్రెడ్ తీసుకోండి" అని టీచర్‌గారు ఆయన కంచంలో రెండు ముక్కలు వేశారు. ఆయన టీచర్‌గారి మొహం చూశాడు, మా ఆవిడ మొహం చూశాడు, బ్రెడ్ తిన్నాడు. నర్సు తలెత్తలేదు. మెట్లెక్కుతూ మా ఆవిడ నా చెవిలో, "ఈ నెల కూడా గట్టెక్కాను" అంది. గట్టెక్కానని సంబరపడే మనిషికి నీళ్ళు ఎంత లోతో చెప్పడం ఎందుకని ఊరుకున్నాను.

మరుసటి నెల పుస్తకంలో ఆమె పాలతో చేసే పుట్టగొడుగుల సూపుకి టిక్కు పెట్టుకుంది. పాలు సన్నని సెగ మీద, ఆపకుండా కలుపుతూ చిక్కబడనివ్వాలి. ఆ ఆదివారం నేను కింద కుర్చీలు వేస్తుంటే లాండ్రీ యజమాని సొరుగు తాళంచెవి కోసం మా ఇంటికొచ్చాడట. అది వెతికిచ్చి పంపేసరికి కాస్త ఆలస్యమైంది. వచ్చి మళ్ళీ కలిపింది. చిక్కగా ఉంది, రంగు కుదిరింది, ఉప్పు సరిపోయింది. మూతపెట్టి గుడ్డతో పట్టుకుని కిందికి తెచ్చింది.

బల్ల మీద మూత తీయగానే మాడు వాసన గుప్పున కొట్టింది. కిటికీ దగ్గరున్న నాకే ముక్కు మూసుకోవాలనిపించింది. ఆమె మాత్రం వేడి ఆవిరి మొహానికి తగులుతుంటే నవ్వుతూ నలుగురికీ వడ్డించింది.

చెంచాలు కదిలాయి.

"బాగుంది అక్కా" అంది నర్సు.

"చాలా బాగుంది చెల్లెమ్మా" అన్నాడు డ్రైవరు.

టీచర్‌గారు ఇంకో చెంచా మింగి, "బాగుంది" అన్నారు.

మా ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసింది. "ముగ్గురూ గిన్నెలు కడుగుతారా?"

"కడుగుతాంలే" అన్నాడు డ్రైవరు.

"ఇన్నేళ్ళలో ఎప్పుడో గానీ నోరు జారనివాళ్ళు ముగ్గురూ ఒకేసారి జారారా?" ఆమె నా వైపు తిరిగింది. "చెప్పేశారన్నమాట."

"ఆయన్ని అనకు" అన్నారు టీచర్‌గారు. "కాపీ కొట్టే పిల్లల్ని చూసిచూసి ముసలిదాన్నయ్యాను. పోయిన నెల వంకాయలో దాల్చినచెక్క లేదమ్మాయ్."

మా ఆవిడ కూర్చుంది. "అంటే పరీక్ష పెట్టారు. నేను తప్పాను" అంది.

డ్రైవరు మంచి మనసుతోనే అన్నాడు. "దానిదేముంది చెల్లెమ్మా! ఇకమీదట నువ్వు హాయిగా కూర్చో. మేం వండి పెడతాం."

"అదిగో!" ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది. "వేసేశారు కుర్చీ. లాండ్రీలో ఒకటుంది అన్నయ్యా, నాకు రెండోది వద్దు. కాళ్ళున్నాయి, చేతులున్నాయి, కళ్ళున్నాయి. ముక్కు పోయింది, ముక్కుమీద కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. నేను అడగాల్సింది అడుగుతున్నా. ఏం తక్కువైంది?"

నర్సు టీచర్‌గారి వైపు చూసింది. టీచర్‌గారు చెంచా కింద పెట్టారు. బోర్డు మీద తప్పు లెక్క దిద్దేటప్పుడు ఎలా ఉండేవారో ఆ మొహంలో తెలిసింది.

"పాలు అడుగంటాయి. అడుగంటాక కలిపావు, అందుకే గిన్నె మొత్తానికి మాడు పట్టింది. కదపకుండా పైది వేరే గిన్నెలోకి వంచుకుని ఉంటే సగమైనా దక్కేది. ఇది తినేది కాదు, పారబొయ్యి."

మా ఆవిడ తలూపింది. "కలిపినప్పుడు గరిటెకి గరుగ్గా తగిలింది. పుట్టగొడుగులనుకున్నా. ఇంకా?"

"పుట్టగొడుగులు లావుగా కోశావు" అన్నాడు డ్రైవరు.

"పుస్తకంలో అలాగే ఉంది."

"అయితే ఆ పుస్తకం రాసినాయన గిన్నెలు కడగాలి."

"నువ్వు చెప్పవే" అంది నర్సుతో.

"ఉప్పు సరిపోయింది అక్కా."

"ఉప్పు నా నాలుక్కీ తెలుసు. తప్పు చెప్పు."

నర్సు గట్టిగా ఊపిరి తీసుకుంది. "మూత తీయగానే, మా ఆసుపత్రిలో పరికరాలు కాగబెట్టే డబ్బాలో నీళ్ళయిపోయి రబ్బరు చేతి తొడుగులు కాలినప్పటి వాసన వచ్చింది అక్కా."

మా ఆవిడ నవ్వింది. జ్వరమొచ్చిన తర్వాత ఆమె అలా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వడం అదే మొదలు. నవ్వి, ముగ్గుర్నీ వంటగదిలోకి తోలింది. "బాగుంది అన్నారా లేదా? లేవండి." ఆ సూపు గిన్నె డ్రైవరు వంతుకొచ్చింది. "చెల్లెమ్మా, ఇది గిన్నె కాదు, మా బస్సు సైలెన్సరు" అంటూ చాలాసేపు తోమాడు.

మర్నాడు ఆమె లాండ్రీకి వెళ్ళి, రసీదుల కుర్చీ వద్దని యజమానికి చెప్పింది. ఆవిరి ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడదు కాబట్టి ఆ బల్ల ఇమ్మని అడిగి తీసుకుంది. ఇంట్లో పాలవంట ఏది మొదలుపెట్టినా మెట్ల మీదికొచ్చి, "ఏమే, నీ ముక్కు ఒకసారి కిందికి పంపు!" అని కేకేసేది. నర్సు దిగివచ్చి గిన్నె మీదికి వంగి చెప్పి పోయేది. బల్ల దగ్గర ఆమె మళ్ళీ మొదటి చెంచా తీసుకోవడం మొదలుపెట్టింది. వాసన సంగతి పక్కవాళ్ళకి వదిలేసి, ఉడికిందా, నలిగిందా, పులుపు మీద తీపి నిలబడిందా అని చెప్పేది. మునుపటికన్నా కఠినంగానే చెప్పేది.

వాసన తిరిగి రాలేదు. ఒక్కసారి మాత్రం, పనిలోంచి వచ్చి, "ఇవాళ గంజి వాసన వచ్చినట్టుందండీ" అంది. మర్నాడు అడిగితే లేదంది. దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు.

ఆమె గుండెజబ్బుతో పోయింది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ తర్వాత కొన్ని నెలలు బల్ల దగ్గర ఎవరమూ కలవలేదు. ఒకరోజు ఉత్తరాల డబ్బాల మీద కొత్త పుస్తకం కనిపించింది. తీసి తిరగేశాను. మూడు టిక్కులు ఉన్నాయి. అన్నిటికన్నా తేలికైనదేదో వెతికి, ఉల్లిపాయలూ బంగాళదుంపలూ కలిపి చేసేదాని పక్కన నాలుగోది పెట్టాను.

ఆదివారం నా గిన్నె బల్ల మీదికి చేరింది. ముగ్గురూ రుచి చూశారు. వాళ్ళు నా మొహంలోకి చూస్తుంటే, ఆ రోజు సూపు గిన్నె ముందు ఆమెకి ఎలా ఉండి ఉంటుందో అర్థమైంది. ఆ మాట అనకండి అని మనసులోనే అనుకున్నాను.

"బంగాళదుంప లోపల ఉడకలేదు" అన్నారు టీచర్‌గారు.

"బావా, మిరియాలు దంచావా, అలాగే పారేశావా? ఒకటి పంటికింద పడింది, పన్నే పోయిందనుకున్నా" అన్నాడు డ్రైవరు.

"ఉల్లిపాయలకి రంగు రాలేదు బావగారూ. తొందరపడ్డారు" అంది నర్సు. "అక్కయితే తినేది కాదు."

ఆ పూట ఎవరూ బాగుంది అనలేదు. గిన్నెలు ఎవరు కడగాలో తేలక చివరికి నలుగురం కడిగాం.

మర్నాడు పనినుంచి రాగానే మళ్ళీ అదే పెట్టాను, ఈసారి సన్నని సెగ మీద. రంగు రావడానికి టైముంది కదా అని ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నాను. రెండు పేజీలు దిద్దానో లేదో, మెట్ల మీద నుంచి కేక వినిపించింది.

"బావగారూ, మీ ఉల్లిపాయలు!"

పెన్సిలు పడేసి పరుగెత్తాను. అడుగు అంటుకుంది. కలపకుండా, పైది మెల్లిగా వేరే గిన్నెలోకి వంచుకున్నాను.