రెండు తీగలకు ఒకే పేరు

పదవీ విరమణకు నాలుగేళ్ళ ముందు, ఒక జూలై నెలలో నన్ను జగదల్‌పూర్‌కు బదిలీ చేశారు. హోదా సీనియర్ వృక్షశాస్త్రవేత్త. తోంగ్‌పాల్ చుట్టుపక్కల అడవుల్లోని మొక్కల నమూనాలు సేకరించి జాబితా రాయడం పని. నాన్న కిరండూల్ రైల్వే లైనులో గార్డుగా చేశారు కాబట్టి ఆ ఊళ్ళు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అడవి మాత్రం తెలియదు. అది తెలిసినవాడు కట్టం గంగయ్య. మాకు దారి చూపడానికి రోజుకూలీ మీద వచ్చే, తెలుగు మాట్లాడే దోర్ల తెగ మనిషి.

ఆ వానల్లోనే గంగయ్య ఒక మామిడిచెట్టు మీద నుంచి మిరియపు తీగ కొమ్మ దించాడు. ఆకు అడుగున సన్నని నూగు, వేలెడంత కంకి. అక్కడ నాకు తెలిసిన మిరియపు తీగల కంకులన్నీ కిందికి వేలాడేవి. ఇది నిటారుగా నిలిచింది. పుస్తకాల్లో గానీ, ఎండు నమూనాల్లో గానీ దానికి పోలిక దొరకలేదు. అయితే అది మగ తీగ. అడవి మిరియాల్లో మగపూలు ఒక తీగకు, ఆడపూలు వేరే తీగకు పూస్తాయి. కాయ చూడకుండా కొత్త జాతి అని ప్రకటిస్తే నిలవదని నా భయం.

"కాయలది గూడ ఉన్నది. వచ్చే వానలకు చూపిస్త అమ్మా," అన్నాడు గంగయ్య. ఆ వానలు రాకముందే జ్వరంతో పోయాడు.

సగం రాసిన వర్ణన సొరుగులో ఉండిపోయింది. ఆయన భార్య ఎర్రమ్మ దగ్గరికి వెళ్ళడానికి నాకు చాలా రోజులు మొహం చెల్లలేదు. పరామర్శకు వెళ్తున్నానో, తీగ కోసం వెళ్తున్నానో నాకే తేలలేదు. చివరికి వెళ్ళి, ఆ మాటే ఆమెతో చెప్పాను.

"రెండిటికీ వచ్చినవ్. అయితే ఏంది? కూసో అమ్మా," అంది.

మర్నాటి నుంచి ఆమే నాతో వచ్చింది. మగ తీగ మామిడి మీద దొరికింది కనుక రెండు రోజులు మామిడిచెట్లన్నీ వెతికించాను. మూడో రోజు ఎర్రమ్మ దారిలో ఆగిపోయింది. తనకు దగ్గు వచ్చినప్పుడల్లా భర్త ఆ కాయలు తెచ్చేవాడట, దంచి చారు పెట్టుకునేదట.

"కాయలు తెచ్చిన దినమే ఎండ్రకాయలు గూడ తెచ్చేటోడు. మనం చెట్ల పొంటి ఎందుకు తిరుగుతున్నం? వాగుల బోదాం పా."

ఎండ్రకాయలంటే పీతలు, అవి దొరికేది వాగులోనే. వాగు వెంట ఎగువకు నడిచాం. నీటి తుంపర పడే ఒక రాతి సందులో, అదే నూగుతో, నిటారు కంకుల నిండా ఎర్రటి కాయలతో ఆ తీగ ఉంది. ఎర్రమ్మ దాన్ని ముట్టుకోలేదు. "ఈడికి ఒక్కడే వస్తుండె," అని బండ మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆ రోజు కొలతలు ఆలస్యంగా మొదలుపెట్టాం.

ఒక్క కొమ్మే కోశాను. పాత వార్తాపత్రికల మధ్య పరిచి, చెక్క ప్రెస్‌లో బిగించి ఎండబెట్టాం. అట్టకు అతికించిన ఆ కొమ్మే టైపు నమూనా, అంటే ఆ పేరుకు శాశ్వత సాక్ష్యం.

తీగకు గంగయ్య పేరు పెడతానన్నాను. "ఆడతీగకు మొగోని పేరేంది?" అని ఎర్రమ్మ నవ్వింది. మగ తీగకూ ఆడ తీగకూ ఒకటే పేరని చెప్పాను. "ఇద్దరికీ ఒక్కటేనా? అట్లయితే మంచిగనే ఉంటది," అంది.

మొక్కకు మనిషి పేరు పెట్టేటప్పుడు లాటిన్‌లో ముగింపు మారుతుంది. పురుషుడికి ఒకటి, స్త్రీకి ఒకటి, ఇద్దరినీ కలిపితే మరొకటి. వాళ్ళ ఇంటిపేరుకు ఆ మూడోది చేర్చి 'కట్టమోరం' అని రాశాను. గౌరవం ఒక్కరికే అయితే ముగింపు తప్పని, నా వ్యాసాన్ని పరిశీలించిన సమీక్షకుడు గుర్తుచేశాడు. ఇద్దరికని జవాబిచ్చాను. పేరు నిలిచింది.

నమూనా చీటీలో 'సేకరించినవారు' అనే గడి ఉంటుంది. అన్నేళ్ళ ఉద్యోగంలో అందులో నా పేరొక్కటే రాసుకున్నాను. దారి చూపినవాళ్ళను 'స్థానికుల సాయంతో' అని సరిపెట్టాను. అది పొరపాటు. మొక్కను చూసినవాళ్ళందరి పేర్లూ, ఊళ్ళతో సహా, అక్కడ రాయాలి. మర్యాద కోసమని కాదు. వాళ్ళలో ఒకరు పోతే, ఇంకెవరిని అడగాలో తెలిసేది ఆ గడి వల్లే.