దేశం పరువు, వయా దర్శి

మన దేశం గురించి బయటివాళ్ళు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మేడ మీద గది ఒక విదేశీ పిల్లకి అద్దెకిస్తే చాలు. చీరాలలో మా మేడ మీద హన్నా దిగింది, పోలండ్ నుంచి. మగ్గం నేర్చుకోవడానికి ఆరు నెలలు ఉంటానంది. ఖర్చు వాళ్ళమ్మది కాబట్టి షరతులూ ఆవిడవే. సీలు వేసిన నీళ్ళే తాగాలి, రోజూ మధ్యాహ్నం వీడియోలో కనబడాలి, ఏ కాస్త తేడా వచ్చినా మర్నాడే విమానం ఎక్కాలి. ఆవిడ లెక్కలో ఇండియా అంటే పాములూ, దొంగలూ, విరేచనాలూ. ఈ మూడూ లేవని నేను ప్రమాణం చేయలేను గానీ, మూడూ ఒకే రోజు తగలవని హామీ ఇచ్చాను.

ఫిబ్రవరి చివర్లో ఆ పిల్లకి పత్తి చెట్టు చూడాలనిపించింది. మా చీరాల మగ్గాలకొచ్చే నూలు ఏ ఊరి మిల్లుదో మాకే తెలియదు, అది వేరే సంగతి. దర్శి దగ్గర మా వదినకి, అంటే మావారి అక్కగారికి, పత్తీ మిరపా ఉన్నాయి. సరే పదమన్నాను. ఏళ్ళ తరబడి బడిలో ఇంగ్లీషు చెప్పినదాన్ని, దేశం పరువు నేను కాపాడకపోతే ఇంకెవరు కాపాడతారు? ఉన్నవాటిలో మంచి నీలం చీర కట్టుకుని బయల్దేరాను.

ఏడింటికి రావలసిన ప్యాసింజరు ఎనిమిదింటికి వచ్చింది. పొగమంచు వల్ల ఆలస్యమని హన్నాకి చెప్పాను. అప్పటికే ఎండ మాడు పగలగొడుతోంది. ఎదురు సీటు పెద్దాయన ఆమె దేశం, జీతం, పెళ్ళి సంగతి వరసగా కనుక్కుని, వెళ్ళేది ఎక్కడికో విని ఉలిక్కిపడ్డాడు. దర్శి నీళ్ళు మాత్రం నోట పెట్టొద్దన్నాడు. ఒంగోల్లో దిగి బస్సెక్కితే, పక్కన కూర్చున్న దర్శి ఆవిడ, హన్నా ఉండేది చీరాలలో అని విని బుగ్గలు నొక్కుకుంది.

“ఆ దోమల్లో ఎట్టా ఉంటున్నావమ్మా తల్లీ?”

లోకానికి మన దేశం మీద ఉన్న అభిప్రాయమే మనకి పక్క ఊరి మీద ఉంటుంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, అంతే తేడా.

ఒంగోలు దాటేచోట రోడ్డు పక్కన చెత్తకుప్ప తగలబడుతోంది. అటు చూడకుండా హన్నాకి రెండో వైపు పొలాలు చూపించాను. ఆ పొలం గట్టున ఒకాయన అటు తిరిగి నిలబడి తన పని తాను చూసుకుంటున్నాడు. ఇక మిగిలింది ఆకాశం. చాలా బాగుంటుంది చూడమన్నాను.

వదిన ఇంటి వెనకే కళ్ళం. ఎండబెట్టిన మిరపకాయలు ఇంటి గోడదాకా ఎర్రగా పరిచి ఉన్నాయి. అంత మిరప పండించే ఇంట్లో, తెల్లపిల్ల తట్టుకోలేదని మా వదిన మిరపకాయన్నది వేయకుండా పప్పు వండింది. దానికన్నా అమ్మోరు పోసినవాళ్ళ పథ్యం నయం. హన్నా రెండు ముద్దలు తిని పత్తిచేలోకి పరిగెత్తింది.

చివరి తీత నడుస్తోంది. ఎండాకు అంటకుండా పత్తి ఎలా లాగాలో కూలీలు చూపిస్తుంటే, నేర్చుకునేదాకా చేను విడవనంది. సీసాలో నీళ్ళు అయిపోయాయి. బిందెలో నీళ్ళు ఇవ్వబోతే అమ్మ షరతు గుర్తొచ్చి వద్దంది. కాసేపటికి సాళ్ళ మధ్య కూలబడిపోయింది. ఇద్దరు మనుషులు పట్టుకుని ఇంటికి చేర్చి నులకమంచం మీద పడుకోబెట్టారు.

వదిన అత్తగారు ఆదెమ్మ మంచం దగ్గరికి వచ్చి ఒక్క చూపు చూసింది. ఊరు ఊరంతా నోళ్ళు తెరుచుకుని చూసిన పిల్లకి దిష్టి తగలక ఏం చేస్తుందంది. గుప్పెడు ఎండు మిరపకాయలూ రాళ్ళుప్పూ తీసుకుని, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ పిల్ల తల చుట్టూ తిప్పసాగింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. హన్నా సోలిపోతూనే నొక్కింది. వాళ్ళమ్మ తెర మీదకొచ్చింది.

ఆవిడకి కనిపించింది ఏమిటి? మంచాన పడ్డ కూతురు, జుట్టు విరబోసుకుని పిడికిలి తిప్పుతున్న ముసలమ్మ. దేశం పరువు నా కళ్ళముందే పోతోంది. ఒక్క గంతులో వెళ్ళి ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాను. గోడకేసి తిప్పాను. ఆదెమ్మని భుజంతో అవతలికి నెట్టాను. నెడితే కదిలే మనిషా?

“ఏందమ్మాయ్ తోస్తావు? ఆ తల్లిని చూడనీ. ఆమె బిడ్డే గదా!”

మిరపకాయలు నిప్పుల్లో పడ్డాయి. ఘాటుకి ఇల్లంతా దగ్గు. అవతల ఆవిడ అరుస్తోంది, ఇవతల మేం దగ్గుతున్నాం. ఇంటికి వచ్చేయమంటోందని హన్నా చెప్పేలోపే సిగ్నలు పోయింది.

ఆదెమ్మ మాత్రం పొగ పీల్చి తీర్పు చెప్పేసింది. దిష్టి ఉంటే ఘాటే రాదట. ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి కాదు, ఉత్త ఎండదెబ్బ, ఉప్పేసిన మజ్జిగ తెమ్మంది. మజ్జిగకి సీలు లేదు. హన్నా గటగటా మూడు గ్లాసులు తాగి, సాయంత్రానికి లేచి కూర్చుంది. జరిగిందంతా రాసి అమ్మకి సందేశం పంపింది. జవాబు లేదు. మగ్గం మీద తను సగం నేసిన తువ్వాలు గురించే ఆ పిల్ల బెంగ. నాకేమో ఏడుపొచ్చింది.

మర్నాడు ఒంగోల్లో రైలెక్కాక ఫోను వచ్చింది. హన్నా చాలాసేపు విన్నది. ముందు కళ్ళు తుడుచుకుంది, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. ఏమైందని పట్టుబట్టి అడిగితే, ఒక్కొక్క మాటే ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. చిన్నప్పుడు దిష్టి తగలకుండా వాళ్ళమ్మ కూడా తన ఉయ్యాలకి ఎర్ర రిబ్బను కట్టిందట. ఆ ముసలమ్మగారు ఉన్న దేశంలో భయపడాల్సింది లేదట. ఆరు నెలలూ ఉండవచ్చట.

“మరి నవ్వెందుకు?” అన్నాను.

హన్నా నా చీర వంక చూసి, తనకొచ్చిన తెలుగులో చెప్పింది. “అమ్మ అన్నది, నీలం చీర ఆవిడతో జాగ్రత్త. ఆవిడ అన్నీ దాస్తుంది.”

దేశం పరువు దక్కింది. పోయింది నా ఒక్కదానిదే. చీరాలలో దిగేటప్పుడు హన్నా సంచీ నేను మోస్తానని చెయ్యి చాస్తే, ఆ పిల్ల నవ్వుతూనే రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.