బెడోక్ హాల్లో నా ఎడమచెయ్యి

దసరా సెలవుల్లో సింగపూరు వెళ్ళొచ్చాను. పక్షుల పార్కు చూశావా, బంగారం కొన్నావా అని అడగనివాళ్ళు లేరు. చూశాను, కొనలేదు. నాకు అక్కడ పనంతా ఒక జర్మనీ ఆటగత్తెతోనే పడింది.

నేను తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. ఖోఖో ఆడి పెరిగినదాన్ని. హ్యాండ్‌బాల్ నేర్పమని పైవాళ్ళు కాయితం పంపితే పుస్తకం చూసి నేర్పడం మొదలుపెట్టాను. జట్టులో నాగమణి అని తొమ్మిదో తరగతి పిల్ల ఉంది. పరుగందుకుంటే పట్టుకునేవాళ్ళు లేరు, కాకపోతే పుర్రచెయ్యి. వాళ్ళమ్మ వచ్చి, "రేపు నలుగురికి వడ్డించాల్సిన పిల్లండీ, మీరన్నా మాన్పించండి" అని బతిమాలింది. సరేనని రెండేళ్ళుగా, ఎడమ చెయ్యి లేస్తే చాలు కేకేసి, ఆ పిల్లచేత కుడిచేత్తోనే విసిరిస్తున్నాను. బంతి గోలు దరిదాపులకు పోదు. నేను తిరిగి రాగానే జిల్లా పోటీలకు పేర్లు ఇవ్వాలి. "అప్పటికీ ఇంతే అయితే నీ పేరుండదు" అని చెప్పి మరీ విమానమెక్కాను.

మా తమ్ముడు ప్రసాద్ అక్కడి సైన్స్ పార్కులో, రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లు సరిచేసే వైటూకే పనిమీద ఉన్నాడు. వాడి ఆఫీసులో హైకె అనే జర్మన్ ఆవిడ ఉందని, ఒకప్పుడు దేశం తరఫున హ్యాండ్‌బాల్ ఆడిందని, ఆదివారాలు బెడోక్‌లో పిల్లలకు నేర్పుతుందని చెప్పాడు. ఎగిరి గంతేశాను. కుడిచెయ్యి కుదిరే కిటుకు ఆవిడ దగ్గర దొరక్కపోతుందా!

ఆదివారం పొద్దున ఏడున్నరకి జురాంగ్ వెస్ట్‌లో ఫ్లాటు తాళం వేసి బయల్దేరాం. నేను, ప్రసాద్, వాడి ఎనిమిదేళ్ళ కూతురు శ్రావ్య. బస్సులో రైలు స్టేషనుకి పది నిమిషాలు. అక్కణ్ణించి రైలు మారే పనిలేదు, గంటలోపే బెడోక్. మేమెక్కేదే మొదటి స్టేషను కనక సీట్లు సులువుగా దొరుకుతాయి.

ఎదురుగా కూర్చున్న కుర్రాడు మా తెలుగు విని పలకరించాడు. కరీంనగర్ వైపు వాడు, ఓడలు కట్టేచోట వెల్డర్. ఊరుకోలేక నాగమణి గొడవంతా చెప్పాను.

"మా కాడ ఒక ఎడమచేతోడున్నడక్కా" అన్నాడు. "ఇరుకు మూలలల్ల మా చెయ్యి పోదు. గక్కడ వాడే వెల్డింగ్ చెయ్యాలె. మా సూపర్‌వైజర్ వాన్ని ఊరికి కూడ పోనియ్యడు."

వెల్డింగుకీ ఆటకీ ఏం సంబంధంలే అనుకున్నాను. ఎంత తెలివో చూడండి.

ఎనిమిదిన్నరకి బెడోక్‌లో దిగి, తిండి బడ్డీలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో టిఫిను తిన్నాం. శ్రావ్య ముందే పరిగెత్తి బల్లమీద టిష్యూ పొట్లం పెట్టి, "అత్తా, చోప్ చేశా!" అంది. అలా పెడితే ఆ చోటు మనదే, ఎవరూ కదిలించరు. ముగ్గురికీ కాఫీలు, రొట్టెలు కలిపి ఆరు డాలర్ల లోపే అయింది.

తొమ్మిదింటికి స్కూలు హాలు చేరాం. హైకెకి నలభై ఉంటాయి. ప్రసాద్ మధ్యలో మాట అందిస్తుంటే నా ప్రశ్న అడిగాను. ఆవిడ నవ్వలేదు. చొక్కా భుజం పక్కకి జరిపి ఎడమవైపు జానెడు పొడుగు కుట్ల మచ్చ చూపించింది.

ఆవిడది ఒక చిన్న ఊరట, నాన్న రొట్టెలు కాల్చేవాడట. ఏడేళ్ళప్పుడు హాల్లోకి తొంగిచూస్తే కోచ్ బంతి విసిరాడు. ఈవిడ ఎడమచేత్తో తిరిగి విసిరింది. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా?" అన్నాడట ఆయన. కుడి మూలనుంచి కుడిచేతివాటం వాళ్ళు విసిరితే చెయ్యి గీత బయటికి పోయి గోలు సగం కూడా కనపడదు. ఎడమచేతికి గోలంతా తెరుచుకుంటుంది. ఆ మూలలోనే పన్నెండేళ్ళు ఆడింది. ఇరవయ్యేడో ఏట భుజం చిరిగింది. ఆరు నెలలు ఎడమచెయ్యి గుండెకి కట్టేశారు. మళ్ళీ దిగింది గానీ ఒక్క సీజనే. ఆ తర్వాత కంప్యూటర్లు చదువుకుని ఇలా వచ్చింది.

అంతా చెప్పి బంతి నా చేతిలో పెట్టింది. దబ్బకాయంత ఉంటుంది.

"ఈ గంటా మీరు ఎడమచేత్తోనే ఆడండి."

నవ్వుకుంటూ దిగాను. ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది! మొదటి బంతి నా పాదం మీదే పడింది. రెండోది వెనక్కి పోయింది. ఎటు విసరాలో బుర్రకి తెలుసు, చేతికి తెలీదు. పిల్లలు పకపకా నవ్వారు. "అత్తా, కాంట్ లా!" అని శ్రావ్య అక్కడి యాసలో అరిచింది, నీవల్ల కాదులే అని. పావుగంటకి నా ముఖం కందిపోయింది. అరగంటకి బంతి నా వైపు రాకుండా ఉంటే చాలని పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టాను. నాగమణి కూడా సరిగ్గా ఇలాగే తప్పుకునేది. దానికి నేను పెట్టిన పేరు సోమరితనం.

హైకె వచ్చి పక్కన కూర్చుంది. "నాకూ ఆరు నెలలు ఇలాగే గడిచాయి. నాకైతే భుజం చిరిగింది. మీ పిల్లకేమైంది?"

టీవీలో ఎడమచేతి బ్యాటు చూసి చప్పట్లు కొట్టినదాన్నే, మా పిల్ల దగ్గరికొచ్చేసరికి బుద్ధి గడ్డి తింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి మద్రాసు విమానం. చాంగి విమానాశ్రయంలో ఐదు డాలర్ల ఫోను కార్డు కొని, మా బడి ఎదుట ఎస్టీడీ బూత్‌కి చేసి నాగమణిని పిలిపించాను. మనకంటే అక్కడ రెండున్నర గంటలు ముందు. సెలవులైనా పిల్లలింకా పొద్దుటి స్పెషల్ క్లాసులో ఉన్నారు.

"తప్పు నాదే తల్లీ. ఇకనుంచి ఎడమచేత్తోనే విసురు. అమ్మతో నేను మాట్లాడతా" అన్నాను.

"ఇంక రాదేమోనండీ టీచర్" అంది. "ఎడమ చెయ్యెత్తితే చాలు, మీ కేకే ఇనపడుద్దండీ."

ఫోను పెట్టేసి అక్కడే నిలబడి ఏడ్చాను.

సాయంత్రం నాలుగున్నరకి మద్రాసు, అక్కణ్ణించి రాత్రి బండి. పక్క సీటావిడ, "సింగపూరు ఎట్టా ఉందమ్మా?" అని అడిగింది. శుభ్రంగా ఉందండీ, రైళ్ళు చెప్పిన టైముకొస్తాయి, పిల్లల్ని తీసుకెళ్ళండి అన్నాను. అదంతా నిజమే. వెళ్ళేవాళ్ళు నిశ్చింతగా వెళ్ళండి.

జిల్లా పోటీల జాబితాలో కుడి మూలకి నాగమణి పేరు బండిలోనే రాసేశాను, గోలు పడనీ పడకపోనీ. పేరు రాయడం ఎంతసేపు! ఆ కేక నాది. ఆ పిల్ల చెవుల్లోంచి దాన్ని నేనే తియ్యాలి. ఎన్నాళ్ళు పడుతుందో హైకె కూడా చెప్పలేదు.