ఈదమ్మ ఉప్పు చూడని కూర

మా పెద్దమ్మ ఈదమ్మ క్రిస్మస్ కూరను ఉప్పు చూడకుండానే వండేది. మామూలు రోజుల్లో పప్పుచారును నాలుగుసార్లు అరచేతిలో వేసుకుని నాకే మనిషి, ఆ రోజు మాత్రం గరిటెను మూతిదాకా రానిచ్చేది కాదు. వాళ్ల పుట్టింట్లో అమ్మవారికి బోనం వండేటప్పుడు ఎవరూ ఎంగిలి చేయకూడదు. బాప్తిస్మం తీసుకున్నాక అమ్మవారిని వదిలింది గానీ ఆ పట్టింపును వదల్లేదు.

"గట్లని గ్రంథంల యాడా రాసి లేదమ్మా" అన్నాడు పాస్టరు.

"ఉప్పు చూడుమని రాసి ఉన్నదా అయ్యగారూ?" అంది పెద్దమ్మ.

కోస్గి దగ్గర మా ఊళ్లో క్రైస్తవులవి పదకొండు ఇళ్లు. పండుగనాడు ఆరాధన అయ్యాక అందరం వరుసగా కూర్చుని ప్రేమవిందు తినేవాళ్లం. వరిబువ్వ, మేకను కోసి వండిన యాటకూర. కూర ఎప్పుడూ పెద్దమ్మ చేతిదే. ఏటేటా ఉప్పు ఇట్టే సరిపోయేది. "దేవుడే నా చెయ్యి పట్టి ఉప్పు ఏపిస్తడు" అని ఆమె ఊరంతా తిరిగి చెప్పుకునేది. ఒకసారి పాస్టరు కూడా ప్రసంగంలో ఆ మాట ఎత్తాడు. ఇక ఆమెను పట్టేదెవరు? ఇంకొకరి ఇంట్లో తింటూ "చూసి ఏసిన ఉప్పే గిట్లుంటె..." అని మూతి తిప్పేది. మా అమ్మకు ఒళ్లు మండేది. నాకూ మండేది.

1962లో పెద్దమ్మ మొగుడు, మా పెద్దబాపు గండయ్య, నందికొండ దగ్గర నాగార్జునసాగర్ డ్యాం పనికి పోయాడు. పండుగ ముందురోజే వస్తానన్నాడు గానీ బస్సు దొరకలేదు.

ఆ క్రిస్మస్‌కు మొదటి ముద్దకే అందరి చేతులూ ఆగిపోయాయి. ఉప్పు కషాయం! పాస్టరు కళ్లు మూసుకుని మింగాడు. ప్రార్థన చేస్తున్నాడేమో అనుకున్నాను. పెద్దబాపు చెల్లెలు జంగమ్మత్త ఊరుకుంటుందా?

"ఏం ఒదినే, గీ ఏడు దేవుడు రెండు చేతులు పట్టిండా?"

అందరూ ఘొల్లుమన్నారు. పెద్దమ్మ ముఖం నల్లబడిపోయింది. నిజం చెప్తున్నా, నాకు చాలా జాలేసింది.

సరిగ్గా అప్పుడే పెద్దబాపు సంచీతో దిగాడు. ఒక ముక్క నోట్లో వేసుకుని, "అయ్యో, నేను లేకపోతి గదనే!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఇంటికి రాగానే పెద్దమ్మ ఆయన్ను నిలదీసింది. ఏముంది, పదేళ్లుగా ఆమె కట్టెల కోసం పెరట్లోకి పోగానే ఈయన మూత తీసి రుచి చూసేవాడట. తక్కువైతే కాస్త ఉప్పు, ఎక్కువైతే కాసిని వేడినీళ్లు.

"దేవుని కంటె ముందల ఎంగిలి చేసినవా? పదేండ్ల సంది!"

"నిన్ను జూసి పదిమంది నవ్వితె నేను ఓర్వనే" అన్నాడాయన.

నెల రోజులు ఆయన మీద రుసరుసలాడింది. పాపం జరిగిందని కోపమా, పరువు పోయిందనా, ఇన్నేళ్ల పొగడ్తలో సగం మొగుడిదని తేలినందుకా? నన్నడిగితే మూడోదే.

మరుసటి ఏడు పెద్దబాపు పండుగకు రెండు రోజుల ముందే వచ్చాడు. పండుగనాడు పొయ్యి ఛాయలకు మాత్రం పోలేదు, భయం. మా అమ్మా, జంగమ్మత్తా, నేనూ కూర్చున్న అరుగు మీదే ఓ మూలన కూర్చున్నాడు.

కూర ఉడికింది. పెద్దమ్మ ఇంత పులుసు గిన్నెలో పోసుకుని, ఊదుకుంటూ బయటికి వచ్చింది. మా అందరి ముందే దాన్ని ఆయన చేతికిచ్చింది.

"పాపమొస్తె ఇద్దరం పంచుకుందాం. జర ఉప్పు చూడు."