మా వీధి మీద కొరియా డేగ

మా ఇల్లు కూలిపోవడం నేను మొదటిసారి ఆఫీసులో చూశాను. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, చేతికి ఇంకా ఆవకాయ వాసన పోలేదు. విమానం హార్బర్ వైపు నుంచి వచ్చింది. క్రేన్ల మీదుగా ఒక చుట్టు తిరిగి, వన్ టౌన్ సందుల మీదికి దిగి, బాంబు వదిలింది. పసుపు రంగు మేడ. పిట్టగోడ మీద తులసి కుండీ. మెట్ల కింద నాన్న స్కూటరు. ముందు పిట్టగోడ విరిగింది, తర్వాత మిగతా ఇల్లంతా అలసిపోయిన మనిషిలా కింద కూలబడింది. దుమ్ము లేచింది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి: టార్గెట్ పూర్తయింది.

వెనకాల ఎవరో చప్పట్లు కొట్టారు. నేను నా అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను. ఆ విమానాన్ని ఆటలోకి తెచ్చింది నేనే.

మాది ఫోన్లో ఆడుకునే యుద్ధ విమానాల ఆట తయారుచేసే చిన్న సంస్థ. గాజువాక పక్కన ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్డు పైన రెండు గదులు. కింద గ్రైండర్ మొదలైతే పైన మీటింగులు ఆగిపోతాయి. నాకు ఆ గ్రైండరంటే చాలా ఇష్టం. విమానాల గురించి నాలుగేసి వాక్యాలు రాయడం, తయారైన ఆటని ఆడి తప్పులు పట్టడం నా పని. డైరీతో తప్ప ఎవరితోనూ గట్టిగా మాట్లాడని నాలాంటి దానికి సరిపడ్డ పనే.

ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. కొత్త విమానం పెట్టాలంటే ఎవరో ఒకరు లేచి నిలబడి, ఎందుకు పెట్టాలో అందరికీ చెప్పాలి. అందరూ అమెరికా విమానాలో, రష్యా విమానాలో చెప్తారు. నేను అంతవరకూ ఎప్పుడూ లేవలేదు. కానీ ఆ మధ్య ఒక కొరియా విమానం గురించి చదివాను. కేఎఫ్-21. దాని ముద్దుపేరు బొరామే. అంటే ఏడాది నిండకముందే పట్టుకుని, మచ్చిక చేసి, వేటకి నేర్పిన డేగ అట. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, డైరీలో దాన్ని తెలుగు లిపిలో నాలుగు రకాలుగా రాసుకుని, ఏది అందంగా ఉందో చూసుకున్నాను. అంత చిన్న పిట్టని పట్టుకుని చంపడం నేర్పడానికి వాళ్ళకి చేతులెలా వచ్చాయో అని కూడా రాసుకున్నాను. అయినా నచ్చింది.

నేను లేచి నిలబడగానే గదిలో అందరూ నావైపు తిరిగారు. కొరియా అన్నాను. దువ్వాడ నుంచి వచ్చే, మ్యాపులు గీసే అబ్బాయి వెంటనే అందుకున్నాడు. "సీరియళ్ళు సూసీ సూసీ తెచ్చింది బావా ఇది. పైలట్ అందగాడై ఉంటాడు." బావా అన్నది మా సారుని. సారంటే ఆ సంస్థ పెట్టినాయనే. కింద షెడ్డు వాళ్ళ నాన్నది.

అందరూ నవ్వారు. నేను కాగితం చూసి చదివాను. రెండు ఇంజన్లు. చూడ్డానికి రాడారుకి చిక్కని విమానంలా ఉంటుంది కానీ, క్షిపణులు దాచుకునే అర దీనికి లేదు. నాలుగు క్షిపణులు పొట్ట కింద సగం మునిగి, సగం బయటికి కనబడతాయి. పూర్తిగా దాచుకోవడం రాని విమానం కాబట్టి ఆడేవాడు జాగ్రత్తగా ఆడాలి, అదే దీని సరదా అన్నాను. ఆ చివరి మాట కాగితంలో లేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు.

సారు కుర్చీలో ముందుకి వంగారు. "బాగుందమ్మా. మరి టార్గెట్ ఏటి?"

ఆ మాట గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. నాన్న స్టీల్ ప్లాంటులో ఫిట్టరు. మా ఇంట్లో టార్గెట్ అంటే నెలలో ఎన్ని టన్నుల ఉక్కు తియ్యాలన్నది. నాన్న షిఫ్టు దిగి గుమ్మంలోకి వస్తూనే "ఈ నెల టార్గెట్ కొట్టీసాం" అంటే, ఆ సాయంత్రం ఇంట్లో మాడుగుల హల్వా ఉంటుంది. పోర్టులో పనిచేసే మా పక్కింటాయన కూడా అంతే. ఓడల్లోకి ఎంత సరుకెక్కించాలో వాళ్ళ టార్గెట్. నేను బడిలో చేరకముందే నేర్చుకున్న ఇంగ్లీషు మాట అది. టార్గెట్ కొట్టడమంటే ఏదో ఒకటి తయారవడం. రోజూ ఆ ఆటే ఆడుతున్నా, కూలడమని నా చెవికి ఎప్పుడూ వినబడలేదు.

అందుకని, అందరి ముందూ నిలబడ్డ నా నోట్లోంచి ఆ మాట పక్కన ఎప్పుడూ ఉండేవే వచ్చేశాయి. "స్టీల్ ప్లాంటు, పోర్టు" అన్నాను.

సారు బల్ల మీద అరచేత్తో చరిచి, అదరగొట్టావన్నారు. ఫోటోల కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, అన్నీ మన ఊళ్ళోనే ఉన్నాయన్నారు. వాళ్ళు మా ఊరిని ఆ విమానం బయలుదేరే చోటుగా పెడుతున్నారనుకున్నాను. డేగకి గూడు ఉండాలి కదా. రెండు రోజుల తర్వాత దువ్వాడ అబ్బాయి వచ్చి, పోర్టు పక్క వీధులు కూడా గీయాలి, మీ వన్ టౌన్ పాత మేడల ఫోటోలుంటే పంపమ్మా అంటే, ఎంతో సంతోషంగా మా ఇంటివే పంపాను. మెట్లు, గోడ, పైనుంచి తీసినవి, కింద నుంచి తీసినవి. పిట్టగోడ అంచు పెచ్చు ఊడిన చోటు దగ్గరగా తీసి మరీ పంపాను.

ఆ పెచ్చు కూడా అలాగే గీశాడు. మంచి పనివాడు.

తెర మీద ఇల్లు కూలిన రోజు సాయంత్రం ఆటని నా ఫోన్లో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళాను. ఎవరికైనా చూపించకపోతే అది నిజంగా జరిగిందని నాకే నమ్మకం కుదిరేలా లేదు. నాన్న ముందు మురిసిపోయారు. ఫర్నేసు బాగా తీశారే అన్నారు. ఫోను దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తీసుకుని చూశారు. ఆ ఫర్నేసు మీద బాంబు పడి అది పక్కకి ఒరిగాక, కింద వచ్చిన అక్షరాలు పైకే చదివారు. "టార్గెట్ అంటే ఇదేటి" అని నన్ను కాదు, ఫోన్ని అడిగారు. తర్వాత లేచి చెప్పులేసుకుని, పనేమీ లేకుండానే వీధిలోకి వెళ్ళారు.

మామ్మ కళ్ళజోడు తెమ్మంది. మామ్మంటే నాన్న వాళ్ళమ్మ. ఆ ఇంట్లోనే పుట్టింది, మేనరికం చేసుకుని ఆ ఇంట్లోనే ఉండిపోయింది. విమానం మా సందులోకి దిగేటప్పుడు తెర మీద వేలు పెట్టింది. ఆట ఆగిపోయింది.

"ఏటే, ఇది మనిల్లే గదా. జనాలేరి? ఒక్క మనిసీ అగుపడడేటి?"

జనాన్ని పెట్టలేదు మామ్మా, పెడితే ఫోను వేడెక్కిపోతుంది అన్నాను.

"మరి ఎవుల్ని సంపడానికే అంత బాంబు?"

మామ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళమ్మ చెప్పిన సంగతి మళ్ళీ చెప్పింది. ఆ పాత ప్రపంచ యుద్ధంలో జపాను విమానాలు మా హార్బర్ మీద బాంబులు వేసినప్పుడు వన్ టౌన్ జనమంతా బళ్ళు కట్టుకుని పల్లెలకి పోయారట. వాళ్ళమ్మ పొయ్యి మీది గంజి దించకుండానే పరిగెత్తిందట. చాన్నాళ్ళకి భయం భయంగా తిరిగొస్తే గంజి కుండ మాడి బొగ్గయింది గానీ, ఇంటికి చిన్న పగులు కూడా లేదట. ఈ కథ నేను చాలాసార్లు విన్నాను. ఈసారి మాత్రం చివర ఒక మాట కలిపింది.

"జపానోడు కూడా మనింటి జోలికి రాలేదు. నీ ఇమానం వొచ్చింది."

మన ఇల్లు అందులోంచి తీసేయమని రేపే చెప్పమంది.

చెప్పడం మామ్మకి తేలిక. నేను బస్సులో గాజువాక దాకా ఆ ఒక్క వాక్యాన్నే నోట్లో తిప్పుకుంటూ వెళ్ళాను. సారుతో చెప్పే ధైర్యం లేక దువ్వాడ అబ్బాయి కుర్చీ పక్కన నిలబడ్డాను. అతను చెవుల్లోంచి తీగలు తీసి విన్నాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. "ఓస్, అంతేనా. ముందే సెప్పొచ్చు గదమ్మా. తీసీస్తాను" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాష్ బేసిన్ దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

మర్నాడు మార్చిన ఆట వచ్చింది. తప్పులు చూడాల్సింది నేనే. విమానాన్ని లేపి, హార్బర్ మీదుగా తిప్పి, సందుల మీదికి దించాను. పోర్టాయన ఇల్లు ఉంది. అవతల బియ్యం కొట్టు ఉంది. మధ్యలో గడ్డి ఉంది.

పచ్చగా, చదునుగా, నలుపలకలుగా గడ్డి. రాళ్ళు లేవు, దుమ్ము లేదు, విరిగిన పిట్టగోడ లేదు. అటు గోడా, ఇటు గోడా ఎప్పుడూ ఎండ పడని తమ పక్కలు చూపించుకుంటూ నిలబడ్డాయి. విమానాన్ని ఇంకోసారి తిప్పాను. తప్పు సందులోకి వచ్చానేమో అనిపించింది. కాదు. మొన్న ఇల్లు కూలినప్పుడు కనీసం ఇల్లు ఉండేదని తెలిసింది. ఇప్పుడు ఆ ఆట ఆడేవాడెవడికీ అక్కడ మెట్లున్నాయని, ఆ మెట్ల మీద ఒకమ్మాయి కూర్చుని పుస్తకాలు చదివిందని అనుమానం కూడా రాదు. తెర మీంచి వేళ్ళు తీసేశాను. విమానం ఎవరూ నడపక సముద్రంలో పడిపోయింది.

"మళ్ళీ పెట్టండి" అన్నాను.

నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. కింద గ్రైండర్ కూడా అప్పుడే ఆగింది. సారు గదిలోంచి తల బయటికి పెట్టారు.

దువ్వాడ అబ్బాయి నావైపు తిరిగాడు. "పెడితే కూలుద్దమ్మా. పక్కిళ్ళన్నీ కూల్తన్నప్పుడు మీదొక్కటీ నిలబడిపోదు."

తెలుసన్నాను. కూలినా పెట్టమన్నాను. అతను సారుని చూశాడు, సారు ఆ పిల్ల చెప్పినట్టు చెయ్యమని తల లోపలికి తీసుకున్నారు. సాయంత్రానికి ఇల్లు తిరిగొచ్చింది. ప్రతి మేడా సరిగ్గా పడుతోందో లేదో పరీక్షించాలి. ఆ వీధి వరకూ అతన్నే చూడమని, నేను నీళ్ళ సీసా పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళిపోయాను. తలుపు వెనక నుంచి అతని గొంతు వినబడింది. బాగా పడింది బావా, ఏ ఇబ్బందీ లేదు అంటున్నాడు.

ఇంటికొచ్చేసరికి మామ్మ గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది. "తీసీసారేటే?"

అబద్ధం చెప్పొచ్చు. ఆవిడ మళ్ళీ ఆ ఫోను అడిగేది కాదు. కానీ పసుపు గోడని ఆనుకుని నిలబడి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. తీసేశారని, తీసేస్తే మన చోట గడ్డి మొలిచిందని, చూడలేక మళ్ళీ పెట్టించానని చెప్పాను.

మామ్మ చేతులు ఆగిపోయాయి. వాకిలి చూసింది, మెట్లు చూసింది.

"ఉండనీలే అయితే" అంది చివరికి. "లచ్చివారం పొద్దున్న అందరం అమ్మోరి గుడికెల్తాం గదా. అప్పుడు కొట్టమను."

మామ్మ నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. మళ్ళీ చిక్కుళ్ళు అందుకుంది.